గడప మోసిన రోజు

"నాను రాను, అన్నయ్యా."

శ్రీరామ్మూర్తి ఎత్తిన ట్రంకుపెట్టెను మళ్ళీ నేల మీద పెట్టేశాడు. తెల్లారకముందే బండెక్కి, దువ్వాడలో దిగి, అక్కణ్ణించి కాలనీకి నడిచి వచ్చాడు. చెల్లెల్నీ మేనకోడల్నీ పుట్టింటికి తీసుకుపోవడానికే వచ్చాడు. మొన్న రమ్మని కబురు పంపిందీ ఆ చెల్లెలే.

"రానంటే ఏటే? బట్టలన్నీ సర్దీసినావు. గుంటకి తల దువ్వీసినావు. ఇప్పుడు రానంటే ఇంటికాడ నానేటి సెప్పాల?"

"ఇప్పుడెల్తే ఆ మాట ఒప్పీసుకున్నట్టే అన్నయ్యా. ఇంక జన్మలో నా మీదనుంచి పోదు."

"ఏ మాట?"

గౌరీశ్వరి పాక గుంజకు ఆనుకుని, మోకాళ్ళ చుట్టూ చేతులు వేసుకుని కూర్చుంది.

ఆ మాట పొద్దున్న కూతురి నోట వచ్చింది. నాలుగేళ్ళ పిల్ల గంగ. ఒక జడ అల్లేదాకా కదలకుండా కూర్చుని, చాలా మామూలుగా అడిగింది.

"అమ్మా, నాయన్ని నువ్వే సంపీసినావంట కదా?"

ఎవరన్నారే అంటే, "మామ్మ" అంది. రెండో జడ వెయ్యమని తల అటు తిప్పింది.

గౌరీశ్వరి చేతులు అక్కడే ఆగిపోయాయి. ఆ రెండో జడ ఇంకా వెయ్యలేదు.

మొగుడు తాతబాబు పోయి నెల దాటింది. ఈ నెలంతా ఆమె అత్తగారు అన్నవన్నీ పడింది. పడడానికి కారణం ఓర్పు కాదు, నమ్మకం. నిజంగానే తాను పంపింది. స్టీలు ప్లాంటు కోసం ఊరు ఖాళీ చేసి, కూర్మన్నపాలెం పక్కన ఈ కాలనీలో పాక వేసుకున్నాక ఆమె మొగుణ్ణి ఒక్కటే అడిగింది. పాతింట్లో మర్చిపోయిన సన్నికల్లు తెచ్చిపెట్టమంది. పెళ్ళినాడు తొక్కిన సన్నికల్లు. తాతబాబు సైటులో కంట్రాక్టరు దగ్గర పని దిగి, సైకిలు మీద అటునుంచి అటే పాతూరు వెళ్ళాడు. ఈదురుగాలి లేచి వాన ముంచుకొచ్చింది. తల దాచుకున్న ఆ పాతింటి వీధిగోడే అతని మీద పడిపోయింది. మట్టిలోంచి పైకి తీసినప్పుడు సన్నికల్లు చంకలోనే ఉంది.

ఆ రాయి ఇప్పుడు పాక వెనకాల బోర్లా పడి ఉంది. దాని మీద ఎవరూ ఏమీ నూరడం లేదు.

"ఇంకా ఎల్లలేదేటి మీరు?"

పసుపు గిన్నె, మామిడాకులు పట్టుకుని అత్తగారు ఆదిలక్ష్మమ్మ వచ్చింది. పాక పక్కనే ఇటుకల ఇల్లు లేస్తోంది. గోడలు పైకప్పు దాకా వచ్చాయి. వీధి వైపు ద్వారం మాత్రం ఖాళీగా నోరు తెరుచుకుని ఉంది. పాతింటి ద్వారబంధాన్ని ఇవాళ ఆ ఖాళీలో నిలబెట్టాలి. చావు మైల ఏడాది ఉన్నా, వానాకాలంలో తలుపు లేని ఇంట్లో ఎలా ఉంటారు, ఆర్భాటం లేకుండా పసుపు కుంకం పెట్టి నిలబెట్టుకోండని పంతులుగారు ఒప్పుకున్నారు.

"ముహూర్తం దగ్గరకొచ్చీసింది బాబూ," అంది ఆదిలక్ష్మమ్మ, కోడలి వైపు చూడకుండా శ్రీరామ్మూర్తితో. "మా ఆయన గడప తేడానికి వడ్రంగి సాయిబు కొట్టుకెల్లినారు. ఒచ్చేటప్పుడు ఇది ఎదురు పడితే బాగోదు. నువ్వు కూడా ఆయన్ని పలకరించీకు."

"పలకరిత్తే ఏటత్తా?"

"మా ఇంటి గడప కదిలితే, మళ్ళీ నిలబెట్టేదాకా మోసేవోడు నోరిప్పకూడదు బాబూ. ఇప్పితే గడపలో తల్లి దారిలోనే దిగిపోతాది. మా మావగారి నాటినుంచీ అలగే వస్తన్నాది."

"అత్తా," అంది గౌరీశ్వరి. గొంతు పెద్దది చెయ్యలేదు. "గుంటకేటి సెప్పినావు?"

"ఉన్నమాట సెప్పినాను."

"నాలుగేళ్ళ గుంటకా?"

"నాలుగేళ్ళ గుంటకి నాయన నేకుండా సేసినప్పుడు నువ్వాలోసించినావేటి?"

శ్రీరామ్మూర్తి కల్పించుకున్నాడు. "అత్తా, అదేటి మాట? గాలీవాన కదా..."

"వానని తిట్టమంటావేటి బాబూ? వానకేటి తెలుసు? దానికి కళ్ళున్నాయా, మనసుందా? అవి ఉన్నోల్లకి తెలియాల! బజార్లో రాయి దొరకదేటి? ఒక్క రాయి కోసం నా కొడుకుని అంత మబ్బులో అంత దూరం తోలింది."

"నాను రాయి తెమ్మన్నాను, సావమన్నానేటి?" గౌరీశ్వరి లేచి నిలబడింది. "పొద్దున సెప్పినాను. పొద్దున మబ్బు నేదు."

"ఒద్దులే, ఇంక మాటాడకు. ఎల్లిపో. సల్లగా ఎల్లిపో."

దడి అవతల పోతమ్మ తల కనిపించింది. పక్క పాక ఆవిడ. ఓదార్చడానికి వచ్చినట్టు వచ్చి, ఇరుపక్కలా మాటలు ఏరుకుపోయి కాలనీ అంతా పంచిపెట్టే మనిషి. కోడలు రాయి కోసం మొగుణ్ణి చంపుకుందన్న మాట కుళాయి దగ్గరా, రేషను కొట్టు దగ్గరా తిరుగుతోందంటే అదంతా ఈవిడ కష్టమే.

"పోన్లే ఆదిలక్ష్మీ, దాని రాత అలగుంది," అంది పోతమ్మ.

శ్రీరామ్మూర్తి చెల్లెలి దగ్గరగా వచ్చి గొంతు తగ్గించాడు.

"పదమ్మా. ఇక్కడుంటే రోజూ ఇదే. మన ఊళ్ళో ఈ మాట ఎవులికీ తెలీదు."

"గుంటకి తెలుసు కదన్నయ్యా," అంది గౌరీశ్వరి.

శ్రీరామ్మూర్తి పెట్టె గొళ్ళెం సరిచూశాడు. పాపం, మంచివాడే. గొడవ లేకుండా చెల్లెల్ని బండి ఎక్కిస్తే చాలనుకునే మంచివాడు.

అప్పుడే వీధి మలుపులో మామగారు నీలకంఠం కనిపించాడు.

ముందు ఆయన, వెనకాల తోపుడుబండితో దావూద్ సాయిబు. నిలువు కమ్ములూ పై కమ్మీ బండి మీద ఉన్నాయి. గడప మాత్రం బండెక్కకూడదు, అందుకని నీలకంఠం భుజాన మోస్తున్నాడు. భుజం మీద పసుపు గుడ్డ, దాని మీద బారెడు పొడుగు టేకు గడప. పెద్దాయన మెడ నరాలు పొంగి ఉన్నాయి. భూములు కొలవడానికి వచ్చినవాళ్ళతో గట్టు గట్టుకీ కొట్లాడిన మనిషి, కొడుకు పోయిన దగ్గర్నుంచి ఇంట్లో కూడా పెదవి విప్పడం లేదు. దుఃఖం అనుకున్నారంతా.

"లోపలికి పో," అంది ఆదిలక్ష్మమ్మ కోడలితో, పళ్ళ మధ్య నుంచి.

గౌరీశ్వరి వెళ్ళబోయింది కూడా. పిల్ల వెళ్ళనివ్వలేదు. ఒంటి జడతో తాత దగ్గరికి పరిగెత్తి, మునివేళ్ళ మీద లేచి గడపను చూపించింది.

"అమ్మా, సూడు! నా సెయ్యి! నా సెయ్యి ఇక్కడుంది!"

గడప చివర, పసుపు పూత మీద, చిన్న అరచేతి గుర్తు. పాతూరు వదిలేసే ముందటి శుక్రవారం, గడపకు ఆఖరిసారి పసుపు రాస్తూంటే, నానూ రాత్తాను అని గంగ మారాం చేసింది. సన్నికల్లు మీద నూరిన పసుపులో చెయ్యి ముంచి అద్దింది. వద్దన్నా అద్దింది. తాతబాబు చూసి నవ్వాడు.

గౌరీశ్వరి ముందు ఆ నవ్వునే తలుచుకుంది. తర్వాత అడుగు ముందుకు వేసి గడప మీద చెయ్యి పెట్టింది. పసుపు ఎండి పొట్టు లేస్తోంది. పక్కన తను పెట్టిన కుంకం బొట్లు కూడా ఉన్నాయి. ఎక్కడా మట్టి లేదు, నొక్కు లేదు.

"మావయ్యా, ద్వారబందం గోడ కింద పడిపోయిందన్నారు కదా? మట్టిలోంచి తీసి సాయిబుకి ఇచ్చినామన్నారు. ఇంత వాన తడిసినాక గుంట సెయ్యి ఎలగుంది?"

నీలకంఠం పలకలేదు. పలకకూడదు కదా. కళ్ళు మాత్రం కిందికి దించేశాడు.

"ముట్టుకోకు!" అంది ఆదిలక్ష్మమ్మ. "అపచారం!"

"సాయిబు గారూ, మీరు సెప్పండి."

దావూద్ బండి దించి నుదుటి చెమట తుడుచుకున్నాడు. దగ్గరి పట్నంలో అతనిది వడ్రంగుల ఇల్లు. ఈ కాలనీలు పుట్టాక పని దొరుకుతోందని కూర్మన్నపాలెం జంక్షన్లో కొట్టు పెట్టాడు.

"మట్టిలో ఎప్పుడుందమ్మా ఇది? ఆ రోజు మద్దేనమే విప్పేశాం కదా, వాన రాకముందే. అడుగున చెద పట్టిందని నా కొట్లో దింపించాను. నీకు తెలుసనుకున్నానే!"

"ఆ రోజు మద్దేనమా?"

"ముహూర్తం అదేనన్నారు మీ అత్తగారు. విప్పాక గోడకి ఒక సరుగుడు బాదు ఆసరా పెట్టాను. పాత మట్టిగోడ, ద్వారబందం తీసేస్తే నిలబడదు, లోపలికి ఎవర్నీ వెళ్ళనీకండని నీలకంఠం బావకి చెప్పాను. మరి దారిలో..."

"సాయిబూ!" ఆదిలక్ష్మమ్మ గొంతు చీలింది. "ముహూర్తం మించిపోతన్నాది. నీ పని సూసుకో!"

దావూద్ ఆమె వైపు చూశాడు, నీలకంఠం వైపు చూశాడు. అప్పుడు అర్థమయింది అతనికి, ఈ ఇంట్లో ఏం చెప్పుకున్నారో, ఏం చెప్పుకోలేదో.

"దారిలో ఏటి, సాయిబు గారూ?"

అతను వంగి, బండి చక్రం కింద ఒక ఇటుకముక్క పెట్టాడు.

"మా ఆవిడ జన్నత్ బీ రోజూ అడుగుతోందమ్మా, ఆ పిల్లకి చెప్పారా అని. వాళ్ళింట్లో చెప్పుకునే ఉంటారంటున్నాను. దారిలో తాతబాబు ఎదురొచ్చాడు. సైకిలు దిగాడు. గడప తెచ్చేస్తన్నారేటి నాయనా, మంచి పని సేసినారు, అన్నాడు. గౌరి సన్నికల్లు అడిగింది, నానూ ఎల్లి తెచ్చీస్తాను, అన్నాడు. అప్పటికే అటువైపు నల్లగా ఉంది, ఉరుముతోంది. గోడ సంగతి చెబుదామని నేను నోరు తెరవబోయాను. బావ చెయ్యెత్తి ఆపాడు, మాటాడొద్దని. తాతబాబు నవ్వాడమ్మా. నువ్వు మాటాడవులే నాయనా, తల్లి దిగిపోతాది, అని సైకిలెక్కేశాడు. మీ దేవత, మీ ఆచారం, మధ్యలో నాకెందుకనుకున్నాను. నేనూ ఊరుకున్నాను."

శ్రీరామ్మూర్తి పెట్టె మీద కూలబడ్డాడు.

గౌరీశ్వరి ఏడవలేదు. ఏడుస్తుందనే అందరూ ఎదురుచూశారు. గడప మీంచి చెయ్యి తీసి, మామగారికి సరిగ్గా ఎదురుగా వచ్చి నిలబడింది. భుజాన బరువుతో ఆయన ఇంకా అలాగే ఉన్నాడు.

"ఇలగే నిలబడ్డావేటి, మావయ్యా?"

ఆయన పెదవులు కదిలాయి, మాట రాలేదు.

"ఇంతే దూరంలో ఉన్నాడేటి?"

"ఒసే, ఊరుకో," అంది ఆదిలక్ష్మమ్మ. ఇప్పుడా గొంతులో కోపం లేదు, భయం ఉంది.

"ఈ నెల్లాళ్ళూ వానని తిట్టుకున్నాను, నన్ను తిట్టుకున్నాను. రాత్తిరి కురిసినా సెవులు మూసుకున్నాను." ఆమె ఇంకో అడుగు దగ్గరికి జరిగింది. "వానైనా ఉరిమింది మావయ్యా. ఒత్తన్నాను, ఎల్లిపొమ్మని ఉరిమింది. నువ్వు కన్నావు, నువ్వు ఉరమలేదు."

నీలకంఠం భుజం వంగిపోయింది. గడప జారి, ఇటుకల కుప్ప మీద ఒక చివర కొట్టుకుని, నేల మీద దబ్బున పడింది.

"అయ్యో తల్లీ!" ఆదిలక్ష్మమ్మ పరిగెత్తి గడప మీద పడింది. మనిషి పడిపోతే పట్టుకున్నట్టు దాన్ని రెండు చేతులా పట్టుకుంది. కొడుకు శవం మీద కూడా ఆమె ఇలాగే పడి ఏడ్చింది. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు. కానీ ఆ రాత్రే మొగుడు అంతా చెప్పేశాడు. తెల్లారేసరికి ఆమె ఒక నిర్ణయానికి వచ్చేసింది. మొగుడు మిగలాలి, గడప మిగలాలి. తప్పు ఎవరి మీదో ఒకరి మీద పడాలి కాబట్టి, బయటినుంచి వచ్చిన పిల్ల మీద పడేసింది.

"దింపీసి పరిగెట్టినాను తల్లీ," అన్నాడు నీలకంఠం. నెల తర్వాత వచ్చిన గొంతు బొంగురుగా, చాలా మెల్లిగా ఉంది. పక్కనున్న గౌరీశ్వరికి తప్ప వినపడలేదు. "సాయిబు కొట్లో దింపీసిన ఎంటనే పరిగెట్టినాను. వాన కళ్ళు తెరవనీనేదు. నానెల్లేతలికి గోడ నేదు. ఈ సేతుల్తోనే తవ్వినాను."

"మరి నాకు సెప్పలేదేటి?"

"నోరు రానేదు."

"మీ ఆవిడ నన్నంటన్నప్పుడు? గుంటకి నేర్పుతన్నప్పుడు? అప్పుడు ఏ గడప మోస్తన్నావు మావయ్యా?"

ఆయన రెండు చేతులూ జోడించాడు. అంత పెద్దాయన దండం పెడుతుంటే ఆమెకు చూడబుద్ధి కాలేదు. జాలి వేసింది, ఆ జాలి మీద కోపం కూడా వచ్చింది.

"నాకు దండం ఒద్దు. అదిగో అక్కడ పోతమ్మ పిన్ని ఉంది. ఆవిడకి సెప్పు. కుళాయికాడ సెప్పు. నా కూతురికి సెప్పు, మీ అమ్మ నాయన్ని సంపలేదని. నువ్వు సెప్పినాక ఈ ఊళ్ళో ఉంటానో, మా అన్నయ్యతో ఎల్తానో నాను సూసుకుంటాను."

గడప పడ్డ చప్పుడుకూ ఆదిలక్ష్మమ్మ కేకకూ కాలనీ కదిలింది. పోతమ్మ దడి తోసుకుని లోపలికి వచ్చేసింది. ఆమె వెనక ఇంకో నలుగురు. అందరూ పాతూరి వాళ్ళే, ఒకే రోజు ఇళ్ళు వదులుకుని వచ్చినవాళ్ళే. ముహూర్తానికి పిలవకపోయినా చూడ్డానికి వచ్చే హక్కు ఉందనుకునేవాళ్ళు.

"ఏటైనాది? గడప పడిపోయిందేటి?"

"ఏటైనాది మావా?"

నీలకంఠం వాళ్ళ వైపు తిరిగాడు. గొంతు సవరించుకున్నాడు. చెప్పబోతున్నాడని గౌరీశ్వరికి తెలిసింది. కూతుర్ని దగ్గరికి లాక్కుని, వినమన్నట్టు ముందు నిలబెట్టింది.

"నానూ..." అన్నాడాయన.

"ఈ సాయిబు!" గడప మీంచి లేచింది ఆదిలక్ష్మమ్మ. జుట్టు ఊడిపోయి ఉంది, చేతులనిండా పసుపు. వేలు సూటిగా దావూద్ వైపు చాపింది. "ఈ సాయిబే మా కొంప ముంచినాడు! ఆ రోజు ద్వారబందం విప్పినాడు, గోడ పడిపోద్దని మాకు ఒక్క మాట సెప్పలేదు. ఇప్పుడొచ్చి, అన్నీ సెప్పినానంటన్నాడు. సెప్పుంటే కన్నతండ్రి ఊరుకుంటాడేటి? మీరే సెప్పండి, ఊరుకుంటాడేటి?"

దావూద్ నోరు తెరిచి మళ్ళీ మూసేశాడు.

"అదీ మాట," అంది పోతమ్మ ముందుగా. "కన్నతండ్రి ఎలగూరుకుంటాడమ్మా."

"అవునవును. అప్పుడే అనుకున్నాను నాను, గోడ ఉత్తినే ఎలగ పడతాదని," అన్నారు వెనకనుంచి ఎవరో. ఆ మనిషి అప్పుడేమీ అనుకోలేదు. అయినా ఆ మాట అనగానే మిగతావాళ్ళు దావూద్ వైపు ఒక అడుగు జరిగారు. నెల రోజులు కోడలి మీద పెట్టిన మాట అక్కణ్ణించి తీసి ఇంకొకరి మీద పెట్టడానికి వాళ్ళకేమీ కష్టం కాలేదు. శ్రీరామ్మూర్తి ముఖంలో కూడా ఒక తేలిక కనిపించింది. చెల్లెలి మీదనుంచి పోయింది కదా అనుకున్నాడు కాబోలు. అది చూసి గౌరీశ్వరి అన్న మీంచి ముఖం తిప్పేసుకుంది.

"నేను చెప్పాను," అన్నాడు దావూద్. "అల్లా సాక్షిగా చెప్పాను. బావా, నువ్వే చెప్పు. చెప్పానా లేదా?"

అందరూ నీలకంఠం వైపు చూశారు.

ఆదిలక్ష్మమ్మ కూడా చూసింది. ఆమె ఏమీ అనలేదు. నుదుటి మీది బొట్టు చెమటకు కారుతుంటే, అలా చూస్తూ నిలబడింది.

నీలకంఠం భార్యను చూశాడు. దావూద్‌ను చూశాడు. కింద పడి ఉన్న గడపను, దాని చివర పసుపు చేతి గుర్తును చూశాడు. తాత ఏదో చెప్తాడని ఒంటి జడ పిల్ల తల పైకెత్తి ఎదురుచూస్తోంది.

ఈసారి ఆయన భుజం మీద గడప లేదు. పసుపు గుడ్డ ఒక్కటే మిగిలి ఉంది. అయినా ఆయన నోరు విప్పలేదు.

ఎక్కడో అటు ప్లాంటు మీదుగా మబ్బు పట్టింది. సన్నగా ఒక ఉరుము వినిపించింది.

"ఇప్పుడు కూడానేటి, మావయ్యా?" అంది గౌరీశ్వరి.